రెక్క మొదట్లో పుట్టీ

ఆ షెడ్డు ఇప్పుడు లేదు. ఉన్న రోజుల్లో తలుపు తీయగానే రంపంపొట్టు, వార్నిష్ కలిసిన వాసన గుప్పుమనేది. అందులో పనిచేసే ఆయన్ని అందరూ మేస్త్రీ అనేవాళ్ళు. చేసేది మాత్రం తలుపులూ కాదు, మంచాలూ కాదు. మనుషుల్ని అంతరిక్షానికి తీసుకెళ్ళి తెచ్చే వాహనాలకి మూరెడు పొడవు చెక్క నమూనాలు. వాటిని పక్క గదిలో ఉన్న గాలి సొరంగంలో బిగించి, పెద్ద పెద్ద ఫ్యాన్లతో గాలి తోలి, నిలబడతాయో తూలతాయో చూసేవాళ్ళు ఇంజనీర్లు.

ఇంజనీర్లకి డిగ్రీలుండేవి, మేస్త్రీకి బొటనవేలు ఉండేది. నమూనా పూర్తయ్యాక కళ్ళు మూసుకుని దాని ఒళ్ళంతా వేలితో తడిమేవాడు. వేలు అనవసరంగా ఎక్కడైనా ఆగిందా, ఇంక ఆ నమూనా గడప దాటదు. కొత్తగా చేరిన ఇంజనీర్లందరికీ మొదటి పాఠం అదే. "కళ్ళు అబద్ధం చెప్తాయి, వేలు చెప్పదు" అనేవాడు. ఎంత చదివినవాడైనా సరే, నోరు మూసుకుని, కళ్ళు మూసుకుని తడమాల్సిందే.

ఒక ఏడాది రెండు డ్రాయింగులు వచ్చాయి. ఒకటి రెక్కలది, విమానంలా వచ్చి రన్‌వే మీద చక్రాలతో దిగుతుంది. రెండోది గుండ్రటి క్యాప్సూల్, పారాచూట్లకి వేలాడుతూ వచ్చి సముద్రంలో పడుతుంది. రెండింట్లో కట్టేది ఒక్కటే. రెండోదాన్ని చూసీ చూడగానే మేస్త్రీ దానికి 'బోర్లించిన చెంబు' అని పేరు పెట్టేశాడు. లేతు మీద ఒక్క పూటలో తిప్పేసి, "ఇదీ ఒక పనేనా" అని పక్కన పడేశాడు. రెక్కలదానికి మాత్రం నాలుగు నెలలు పట్టింది. అది తప్ప ఇంకో లోకం లేదు మనిషికి.

"ఆ రెక్కలదాన్నే కట్టుకోకపోయారా, నన్నెందుకు కట్టుకున్నారు?" అనేది ఇంట్లో ఆవిడ.

"అప్పటికి అది పుట్టలేదు కదే" అనేవాడు తడుముకోకుండా.

పదిహేనేళ్ళ కిందట ఆయన దగ్గర బొటనవేలి పాఠం నేర్చుకున్న అమ్మాయే అప్పటికి చీఫ్ ఇంజనీరు. నలుగురిలో ఉంటే 'మేడమ్, మీరు'. షెడ్డులో ఇద్దరే ఉంటే 'అమ్మాయ్, నువ్వు'. పరీక్ష అయిన శుక్రవారం ఆమె కాగితాలు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"మేస్త్రీగారూ, నిలబడింది! ముక్కు ఎంత పైకెత్తినా తూలలేదు. సోమవారం కమిటీ తేల్చేస్తుంది. ఇంక రెక్కలే!"

మేస్త్రీ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఏడాదిలో రిటైరవుతాడు. తన చేతిలో పుట్టింది ఆకాశానికి వెళ్ళి, తిరిగొచ్చి నేల మీద వాలుతుంటే కళ్ళారా చూడాలి. అంతకు మించి ఆయన ఏదీ కోరలేదు.

ఆ సాయంత్రం నమూనాని తుడుస్తూ పక్కనున్న డ్రాయింగు వైపు చూశాడు. రెక్క మొదట్లో, అది ఒంటిని కలిసేచోట, గీతలో పదునైన మూల ఉంది. తన నమూనాలో లేదు. రెండు వైపులా అక్కడ పుట్టీ పెట్టి, నున్నగా రుద్దేసి ఉంది. ఎప్పుడు పెట్టాడో ఆయనకే గుర్తులేదు. మూల కనిపిస్తే ఆ చెయ్యి ఊరుకోదు, అంతే. గాలి అంత సాఫీగా జారిపోయింది ఆ పుట్టీ వల్లేనేమో! అసలు వాహనంలో సరిగ్గా అక్కడే చక్రాల తలుపులు తెరుచుకోవాలి. అక్కడ అలా పూడ్చడం కుదరదు.

రంగు వేశాక కంటికి ఏమీ కనపడదు. నోరు మెదపకపోతే అడిగేవాడు లేడు. శని, ఆది రెండు రోజులూ ఇంట్లో అయినదానికీ కానిదానికీ కసురుకున్నాడు. చివరికి ఆవిడకి చెప్పేశాడు.

"ఎవరికీ కనపడదంటున్నారుగా. మరి మీకెందుకు ముద్ద దిగట్లేదు?" అందామె.

సోమవారం పొద్దున్నే, కమిటీకి గంట ముందు, చీఫ్‌ని షెడ్డుకి పిలిచాడు.

"అమ్మాయ్, కళ్ళు మూసుకో." ఆమె వేలిని రెక్క మొదట్లో పెట్టి జరిపాడు. "ఆగిందా?"

"లేదు."

"ఆగాలి. డ్రాయింగు ప్రకారం అక్కడ ఆగాలి."

ఆమెకి అర్థమవడానికి ఒక్క క్షణం పట్టింది. "మీరా, మేస్త్రీగారూ! ఇదే ఇంకొకరు చేస్తే మీరే తన్ని తగలేసేవాళ్ళు కదా!"

"నన్నూ తన్ను. కానీ ఆ లెక్క నమ్మి అందులో మనుషుల్ని ఎక్కించకు."

కమిటీ వారం వాయిదా పడింది. పుట్టీని మేస్త్రీయే ఉలితో గీకేశాడు. ఈసారి సొరంగంలో ముక్కు కాస్త పైకెత్తేసరికి రెక్కలది తాగినవాడిలా పక్కకి ఒరిగింది. కమిటీ చెంబునే ఎంచుకుంది. "చేజేతులా చెడగొట్టుకున్నావయ్యా" అన్నారు షెడ్డులో వాళ్ళు. ఆయన లేతు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

రిటైరైన రోజున ఆ నమూనానే ఆయన చేతిలో పెట్టారు. పదకొండేళ్ళు అది ముందుగదిలో అలమార మీద ఉంది. రోజూ దాన్ని తుడిచేవాడు. రోజూ ఆ మూల దగ్గర వేలు టక్కున ఆగేది. పుట్టీ డబ్బా ఇంట్లోనే ఉన్నా ముట్టుకోలేదు.

"ఆ మూల కాస్త నున్నగా చేసుకోకూడదూ?" అనేది ఆవిడ.

"ఉన్నది ఉన్నట్టే ఉండనీ" అనేవాడు.

పన్నెండో ఏట చెంబు ముగ్గురు మనుషులతో వెళ్ళి తిరిగొచ్చింది. టీవీలో పారాచూట్లు విచ్చుకునే దాకా మేస్త్రీ ఆవిడ చెయ్యి వదల్లేదు. అది నీళ్ళలో పడి తేలాక, "చెంబు గట్టిదేనే" అన్నాడు. ఆ ముగ్గురూ బతికొచ్చారన్న సంతోషం ఎంతో, తన రెక్కలు అక్కడ లేవన్న దిగులూ అంతే.

ఆ వారమే చీఫ్ ఇంటికొచ్చింది. జుట్టు నెరిసింది. ఆఫీసు గుమ్మంలో రెండు నమూనాలూ పక్కపక్కనే పెడుతున్నారట, రెక్కలది కావాలంది.

"ఇచ్చేముందు ఆ మూలలకి పుట్టీ పెట్టండి, మేస్త్రీగారూ. మొదట ఎలా చేశారో అలాగే."

"డ్రాయింగులో లేదు కదమ్మాయ్."

"ఇంక అందులో ఎవరూ ఎక్కరుగా."

ఆ మాటకి ఆయన ఆడవాళ్ళిద్దరి ముందూ భోరున ఏడ్చేశాడు. తర్వాత లేచి వెళ్ళి డబ్బా వెతికాడు. పాత పుట్టీ రాయైపోయింది. కొత్తది తెప్పించి, రెండు రోజులు కూర్చుని రుద్దాడు.

మూడో రోజు చీఫ్ వచ్చింది. ఎవరూ చెప్పకుండానే కళ్ళు మూసుకుని, బొటనవేలిని రెక్క మీంచి ఒంటి మీదికి జరిపింది. వేలు ఎక్కడా ఆగలేదు.