నుదురు లేని మనిషి

ఎక్స్‌రే గది ముందు బల్లలు రెండే. రెండింటి మీదా పాత ఫైళ్లు కూర్చుని ఉంటాయి. రోగులు నిలబడతారు. పంతొమ్మిదేళ్లుగా ఆసుపత్రి నేల తుడుస్తున్న ఆయమ్మకి ఈ ఏర్పాటు నచ్చలేదు. ఏ గదిలో కుర్చీ ఖాళీగా కనిపించినా చంకన పెట్టుకొచ్చి, నిలబడలేనివాళ్లకి వేసేది. ఎవరినీ అడిగేది కాదు. అడిగితే కాదంటారేమో, వాళ్లకా పాపం ఎందుకని. అందరూ ఆమెను కుర్చీలమ్మ అనేవారు.

ఒక మంగళవారం పెద్ద డాక్టరు రౌండ్లకి వెళ్లినప్పుడు ఆయన కుర్చీనే తెచ్చేసింది. చక్రాలున్నది కదా, మోసే పని తప్పింది. కాలికి కట్టుతో వచ్చిన ఒక ముసలావిడ అందులో గంటసేపు కునుకు తీసింది. పెద్ద డాక్టరు తిరిగొచ్చి, ఆ గంటా నిలబడే సంతకాలు పెట్టారు. సాయంత్రానికి ఆయమ్మకి మెమో వచ్చింది. మూడు రోజుల్లో జవాబివ్వాలి, అది సరిగ్గా లేకపోతే ఉద్యోగం ఉండదు.

కాగితం ఇంగ్లీషులో ఉంది. రికార్డు గది గుమాస్తా చదివిపెడుతూ, 'ఎఫ్రంటరీ' అన్న మాట దగ్గర ఆగి నిఘంటువు తీశాడు. సిగ్గు విడిచిన తెగింపు అని అర్థమట. లాటిన్‌లో నుదురు అనే మాట నుంచి పుట్టిందట. సిగ్గుపడితే ఎర్రబడేది నుదురని వాళ్ల లెక్క. ఎర్రబడ్డానికి నుదురే లేనివాడికి ఇక సిగ్గెక్కడిది?

ఆయమ్మ నుదురు తడుముకుంది. ఉంది. చెమట కూడా పట్టి ఉంది.

గుమాస్తా తన టీలో సగం ఆమెకి పోసి, "తప్పయింది, క్షమించండి అని రాసేయనా పిన్నీ?" అన్నాడు.

"చెప్పకుండా తీయడం తప్పే, రాయి నాయనా. ఆవిడ కూర్చోవడం తప్పని మాత్రం రాయకు."

మర్నాడు దేవుణ్ణి తలుచుకుని, జవాబు పట్టుకెళ్లి పెద్ద డాక్టరుకిచ్చింది. ఆయన చదువుతుండగా, గుమ్మం అవతల గోడ పట్టుకుని నిలబడ్డ ఒక ముసలాయన ఆమె కంటపడ్డాడు. ఆ ముసలి కాళ్లు వణుకుతున్నాయి. ఆమెకి ఉద్యోగం గుర్తుంది. చదువుకుంటున్న మనవరాలూ గుర్తుంది. చెయ్యి మాత్రం వాటికంటే ముందు వెళ్లి, మేజా ఇవతలి కుర్చీ ఎత్తింది.

పెద్ద డాక్టరు తలెత్తారు. "ఎక్కడికది?"

"బయటికండి. ఇప్పుడే వస్తా, మీరు చదువుతుండండి."

తిరిగొచ్చేసరికి ఆయన తలుపులోంచి ముసలాయన్నే చూస్తున్నారు. కాసేపటికి మెమో మీద 'విషయం ముగించడమైనది' అని రాశారు. బల్లల మీది ఫైళ్లన్నీ రికార్డు గదికి చేర్చమని గుమాస్తాకి ఇంకో కాగితం రాశారు.

"నా కుర్చీ జోలికి మాత్రం రాకు," అన్నారు.

"రానండి," అంది ఆయమ్మ. "మీరు కూర్చున్నంతసేపూ."