ఎనిమిదో స్తంభం ఎటునుంచి?

మా వీధి కరెంటును స్తంభాలాయన ఐసు ఫ్యాక్టరీకి కట్టబెట్టాడని కుళాయి దగ్గర ఒకటే గుసగుసలు. గోరంత దొరికితే కొండంత చేసే నోళ్లు! నా నోరూ తక్కువది కాదు గానీ, నేను అడిగి తెలుసుకున్నాకే ఎత్తుతాను. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయన లైన్‌మన్. ముప్ఫై ఏళ్లుగా స్తంభాలెక్కీ ఎక్కీ అసలు పేరు పోగొట్టుకున్నాడు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మా ఇళ్ల దాకా ఇరవై నాలుగు స్తంభాలు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి ఇళ్లలో ఫ్యాన్లు గాలిదుమారం లేపుతుంటే మా చివర తిరిగే రెక్కలు లెక్కపెట్టుకోవచ్చు. దారిలో ఒకచోట సోలార్ పలకలు పెట్టి, అక్కడే పుట్టిన కరెంటును తీగలోకి వదిలితే మాకూ సత్తువ వస్తుందన్నాడు. ఆఫీసు ఒప్పుకుంది.

ఎక్కడ పెట్టాలి, ఎంతది పెట్టాలి? ఏడాదిపాటు మీటరు పట్టుకుని స్తంభం స్తంభానికీ తిరిగాడు.

"పెద్దది పెట్టించరాదూ, తమ్ముడూ?" అన్నాను.

"చంటిపిల్లాడికి బిందెతో పాలు పడతామా అక్కా? మధ్యాహ్నం వాడకం తక్కువ. మిగిలింది ఎదురు తన్ని నీ టీవీ కాల్చేస్తుంది."

"పోనీ నా గుమ్మం ముందు పెట్టు."

"నీకు వెలుగు, మధ్యలోవాళ్లకు వెక్కిరింపూనా?"

చివరికి కాగితం మీద రెండు ముక్కలు రాశాడు: ఎనిమిదో స్తంభం, మధ్యరకం సైజు. ఆఫీసులో ఇంజనీరుగా ఉన్న మేనల్లుడి చేతికిచ్చాడు. తల్లి పోయిన ఆ పిల్లవాణ్ణి పెంచి చదివించింది ఈయనే.

ఇక్కడే ఉంది మెలిక. ఆఫీసువాళ్లు స్తంభాలను ట్రాన్స్‌ఫార్మర్ నుంచి లెక్కపెడతారు. ఈయన మా చివర నుంచి లెక్కపెడతాడు, ఫిర్యాదులు పుట్టేది ఇక్కడే కాబట్టి. ఆఫీసు లెక్కలో ఎనిమిదోది ఐసు ఫ్యాక్టరీ గోడ పక్కన ఉంది. పలకలు అక్కడే వెలిశాయి, అదీ ఫ్యాక్టరీవాళ్లు కోరినంత పెద్దవి. మా ఫ్యాన్లు ఎప్పటిలాగే మూలుగుతున్నాయి.

నిలదీయడానికి మా వీధివాళ్లతో నేనూ వెళ్లాను. ఇంజనీరు తన మావయ్య చేతిరాత చూపించి, "మావయ్య రాసిచ్చిందేగా!" అన్నాడు. సైజు రాసిన చోట బొటనవేలు అడ్డంగా ఉంది. అది నేనొక్కదాన్నే చూశాను.

ఆ రోజు నుంచి స్తంభాలాయన వస్తుంటే, కుర్చీ వేసి కూర్చోబెట్టిన ఇళ్లే తలుపులు వేసుకుంటున్నాయి. ఆయన మాత్రం ఎప్పటిలాగే మీటరు పట్టుకుని తిరుగుతున్నాడు. నాకు కడుపు ఉబ్బిపోయి, నిన్న సాయంత్రం తిన్నగా ఇంటికే వెళ్లాను. గుడ్డతో మీటరు తుడుస్తున్నాడు.

"నోట్లో నాలుక లేదా తమ్ముడూ? ఎటునుంచి ఎనిమిదోదో నలుగురికీ చెప్పొచ్చుగా! పాపం, వాడు పొరపాటు పడ్డాడేమో?"

మీటరు కింద పెట్టాడు.

"ఒకటీ రెండూ లెక్కపెట్టడం వాడికి నేర్పింది ఆ స్తంభాల మీదే అక్కా. మన చివర నుంచే మొదలెట్టి."