తూపిలిపాలెం దారిలో ఒక్క ఫోటో

లోకంలో అందరూ కారెక్కేది ఎక్కడికో చేరడానికి. మా ఆయన కారెక్కేది మాత్రం మధ్యలో ఆగడానికి.

పేరు ధనంజయ. తిరుపతిలో స్టీలు సామాన్ల అంగడి. ఇంట్లో ఉన్నంతసేపూ బుద్ధిమంతుడే. మెడలో కెమెరా తగిలించుకుని స్టీరింగు పట్టుకున్నాడంటే మాత్రం మనిషి మారిపోతాడు. ఏదో కూనిరాగం తీస్తూ సాఫీగా పోతుంటాడు, ఉన్నట్టుండి బ్రేకు పడుతుంది. "వెలుతురు బాగుండాది లోకా, ఒక్క ఫోటో!" అని దిగిపోతాడు. లోక అంటే లోకేశ్వరి, అంటే నేనే.

పోనీ, తీసేది చూడదగ్గదా? శ్రీకాళహస్తి పోతే గోపురాన్ని వదిలేసి, పంచరు అంగడి ముందు పడున్న పాత టైరును తీశాడు. మా పుట్టిల్లు కార్వేటినగరం. రాజులు కట్టిన మహలు ఇంకా కొంత నిలబడే ఉంది. దాని జోలికి పోడు. ఊరి బయట మైలురాయిని తీస్తాడు, అదీ వెనకవైపు నుంచి. పైగా ఈ ఘనకార్యాలన్నిటికీ ఫ్రేములు కట్టించి హాల్లో తగిలించాడు. ఒకసారి మా అత్తమ్మ వరలక్ష్మమ్మ కళ్ళజోడు సర్దుకుని ఒక ఫ్రేము ముందు చాలాసేపు నిలబడింది.

"ఇదేంది నాయనా, కంపచెట్టు మాదిరి ఉండాదే?"

"కంపచెట్టేమ్మా."

"దాన్ని ఎందుకు తీసినావు?"

"వెలుతురు బాగుండె."

అత్తమ్మ నావైపు తిరిగి, "నీకు ఓపిక ఎక్కువమ్మే," అంది.

ఓపికా పాడా. నాకో రహస్యం ఉంది. కొత్త కోడలిగా కార్వేటినగరం నుంచి బస్సులో వస్తూ, పుత్తూరు చేరకముందే ఇదే అత్తమ్మ పట్టుచీర మీద వాంతి చేసుకున్నాను. కంచిపట్టు. ఆ రోజు నుంచి ఈ ఇంట్లో ప్రయాణం మాటెత్తితే చాలు, ఎవరో ఒకరు నా చేతిలో ప్లాస్టిక్ కవరు పెట్టి నవ్వేవాళ్ళు. నాకు రోషం వచ్చింది. కాణిపాకం పోయి వినాయకుడికి కుడుములు మొక్కుకున్నాను. "సామీ, ఇంకొకసారి ఈళ్ళ ముందర నా పరువు తీయొద్దు."

స్వామి విన్నాడు. కడుపులో తిప్పడం మానలేదు గానీ, నోట్లో నీళ్ళూరే సమయానికి, సరిగ్గా అప్పుడే, మా ఆయనకు ఎక్కడో వెలుతురు కనపడేది. ఆయన కంపచెట్టు చుట్టూ ప్రదక్షిణలు చేస్తుంటే, నేను తలుపు తీసి, చల్లగాలి పీల్చి, కొంగున కట్టుకున్న నిమ్మకాయ వాసన చూసి తేరుకునేదాన్ని. ఆయన రాగానే తిట్టేదాన్ని. "ఈడ కూడా ఆపాల్నా? మీ ఫోటోలు తగలబడ!" నాకు ఇంకా కారు పడదన్న సంగతి ఆయనకు తెలియకూడదు కదా. ఏటేటా కుడుములు మాత్రం భక్తిగా చెల్లిస్తూ వచ్చాను.

ఇక నా కోరిక సంగతి. కొండల మధ్య పెరిగినదాన్ని. మా ఊళ్ళో సముద్రపు చేప అంటే కరువాడే. ఎండి కర్రలాగా అయిపోయి సంతకొచ్చేది. అది నములుతూ చిన్నప్పుడే అనుకున్నాను, పడవ దిగిన చేపను ఆ ఒడ్డునే వండించుకుని, అలలు చూస్తూ తినాలని. రెండుసార్లు బయల్దేరాం. రెండుసార్లూ ఈయన ఆపి ఆపి తీసుకుపోయేసరికి చేపలు చెన్నై లారీ ఎక్కేశాయి. సముద్రాన్ని ఎదురుగా పెట్టుకుని పెరుగన్నం తిని వచ్చాం.

ఈసారి నేను పంతం పట్టాను. కొండమీది సామికి ప్రీతైన పెరటాసి నెలంతా తిరుపతిలో అందరిలాగే మేమూ నీచు ముట్టలేదు. నెల వెళ్ళిన మర్నాడే ప్రయాణం.

"ఈసారి యాడా ఆపకూడదు."

"ఆపనంటే ఆపను లోకా."

ఆయన మాట నమ్మి రెండుసార్లు పెరుగన్నం తిన్నదాన్ని. అందుకే ఆయన స్నానానికి పోయినప్పుడు కెమెరాలోంచి బ్యాటరీ తీసి నా హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను.

తెల్లారకముందే బయల్దేరాం. శ్రీకాళహస్తి దాటేసరికి పొలాల మీద మంచు పాలలా పరుచుకుని ఉంది. తాటిచెట్లకు మొదళ్ళు లేవు, తలలు మాత్రం గాల్లో తేలుతున్నాయి. కొంగలు ఎగురుతున్నాయో, మంచే ముక్కలై లేస్తోందో తెలియలేదు. నేను మాట్లాడుతూనే ఉన్నాను. నేను మాట్లాడుతూనే ఉంటాను, అది నా అలవాటు. ఆయన కూనిరాగం తీస్తూనే ఉన్నాడు. నాయుడుపేట దాటి సముద్రం వైపు మళ్ళాక రోడ్డు వంకరలు తిరిగింది. నా కడుపు కూడా. మాట ఆపి, పళ్ళు బిగబట్టి, వినాయకుణ్ణి తలుచుకున్నాను.

బ్రేకు పడింది.

"వెలుతురు బాగుండాది లోకా, ఒక్క ఫోటో!"

వెలుతురు ఎక్కడిది? కారు ముందు ఏముందో కూడా కనపడని మంచు. ఈయన దిగి, ఒక కల్వర్టు ముందు వంగి, ఒక కన్ను మూసి, మీట నొక్కాడు. "అబ్బబ్బ! ఏం వచ్చిందే!" అన్నాడు.

నాకు నవ్వాగలేదు. బ్యాటరీ నా ఒళ్ళో హ్యాండ్‌బ్యాగులో ఉంది. నవ్వుతూ గాలి పీల్చుకున్నాను, తేరుకున్నాను. అప్పుడు తట్టింది. బ్యాటరీ లేదని ఆయనకు తెలియకుండా ఉంటుందా? మరి దేనికి దిగినట్టు?

మళ్ళీ బయల్దేరాం. ఈసారి నాకేమీ లేదు, కడుపు నిమ్మళంగా ఉంది. మా పిన్నమ్మ కూతురి పెళ్ళిలో పాయసం మాడిన కథ చెబుతూ, సరిగ్గా మాడే చోట కావాలనే మాట తెంపేసి కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. కూనిరాగం తగ్గింది. కారు జోరు తగ్గింది. ఆగింది.

"వెలుతురు..." అన్నాడు.

నేను బ్యాటరీ తీసి చూపించాను. ఆయన దాన్ని చూశాడు, కెమెరాను చూశాడు, ఆకాశాన్ని చూశాడు.

"కాణిపాకం వినాయకుని మీద ప్రమాణం చేసి సెప్పండి. మీరు కారు ఆపేది ఫోటో కోసమేనా?"

మా వైపు ఎంత గట్టి దొంగైనా ఈ మాటకు తడబడతాడు. కాణిపాకంలో అబద్ధం చెల్లదు. మా ఆయన మెడ గోక్కున్నాడు.

"ప్రమాణానికి వెలుతురు సాల్దులే లోకా."

"సెప్పండి!"

"నువ్వు మాట్లాడతా ఉంటే నాకు దిగుల్లేదు. మాట ఆగిందంటే కడుపులో మొదలైనట్టే లెక్క. అడిగితే నీకు రోషం. అందుకని..."

"మరి ఆ ఫ్రేములు?"

"ఊరికే ఆపితే నీకు అనుమానం రాదా? అందుకే కట్టించినా."

"కంపచెట్టుక్కూడానా?"

"అది పెద్ద సైజు. ఆ రోజు నీకు శానా తిప్పింది."

ఇన్నేళ్ళూ కుడుములు తిన్నది ఒకరు, పని చేసింది ఇంకొకరు! నాకు సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకనే, ఈ పిచ్చి మనిషి మీద పట్టలేనంత ప్రేమ వచ్చింది. పెళ్ళయ్యాక మొదటిసారి నోరు తెరిచి నిజం చెప్పాను.

"ఏమండీ, నాకు కారు పడదు. కొంచేపు ఈడే కూర్చుందాం."

"చేపలు పోతాయే?"

"పోతే పోనీ."

రోడ్డు పక్క గట్టు మీద కూర్చున్నాం. నిమ్మకాయ ఒకసారి నేను, ఒకసారి ఆయన వాసన చూశాం. మంచు కరిగి, తాటిచెట్లకు ఒక్కొక్కటిగా మొదళ్ళు వచ్చాయి. గాల్లో ఉప్పు వాసన. ఎక్కడో సముద్రం నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు వినపడింది, లేదా నాకలా అనిపించింది. ఇలాగే సాయంత్రం దాకా కూర్చోమన్నా కూర్చునేదాన్ని.

తూపిలిపాలెం చేరేసరికి అనుకున్నట్టే అయింది. పడవలు ఒడ్డుకు లాగేసి ఉన్నాయి, వలలు ఎండుతున్నాయి, లారీ జాడ లేదు. నేను పెరుగన్నానికి సిద్ధపడిపోయాను. అంతలో లుంగీ ఎగ్గట్టిన మనిషి ఒకాయన పరుగున వచ్చాడు.

"తిరుపతి ధనంజయ సారేనా? నేను వెంకటమునిని. మీరు చెప్పినట్టే వంజరం చేప తీసిపెట్టుండా సార్." తర్వాత నన్ను చూసి ముఖమంతా నవ్వాడు. "కారు పడని అమ్మ మీరేనా? సారు నిన్ననే ఫోన్ చేశాడమ్మా. దారిలో ఆగి ఆగి వస్తాం, ఎంత పొద్దెక్కినా ఒక చేప ఉంచమన్నాడు."

పోయినసారి పెరుగన్నం తినేటప్పుడే మా ఆయన ఒడ్డున ఎవరినో అడిగి వెంకటముని నంబరు తీసుకున్నాడట. నేను అత్తమ్మకు తెలియకుండా కాపాడుకుంటున్న పరువు సముద్రంలో కలిసింది!

వెంకటముని భార్య ఆ చేపతో చింతపండు పులుసు పెట్టింది. ఇసకలో చాప మీద కూర్చుని, ఒక ముద్దకు ఒక అల చొప్పున తిన్నాను. కరువాడు నమిలిన చిన్నపిల్ల లోపల ఎక్కడో తృప్తిగా త్రేన్చింది. చెయ్యి కడుక్కుని బ్యాటరీ ఆయన చేతిలో పెట్టాను.

"ఇప్పుడు నిజంగా ఒకటి తీయండి."

తీశాడు. అందులో సముద్రం పక్కకు ఒరిగింది, నా ముఖం సగమే ఉంది, మూలన ఆయన బొటనవేలు పడింది. చేప ముల్లు మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది.

తిరుగు ప్రయాణంలో శ్రీకాళహస్తి దగ్గరపడుతుండగా గమనించాను. నేను మాట్లాడుతూనే ఉన్నాను, ఆయన కూనిరాగమే ఆగిపోయింది. తెల్లారకముందు లేచిన మనిషి, కడుపునిండా పులుసన్నం తిన్న మనిషి. కనురెప్పలు వాలుతున్నాయి. అడిగితే ఒప్పుకోడు, ఆయనకూ రోషమే.

"ఏమండీ, ఆపండి."

"ఏమైందే? తిప్పుతా ఉండాదా?"

"లేదు. వెలుతురు బాగుండాది."

నన్ను ఒక్క క్షణం చూశాడు. నవ్వి, వేపచెట్టు కింద ఆపి, సీటు వెనక్కి వాల్చి, మరుక్షణంలో గుర్రు పెట్టాడు. నేను మెల్లగా ఆయన మెడలోంచి కెమెరా తీసుకుని, దిగి, కిటికీలోంచి ఒక్క ఫోటో తీశాను. నోరు తెరుచుకుని నిద్రపోతున్న మా ఆయన ఇప్పుడు హాల్లో ఉన్నాడు, కంపచెట్టు కన్నా పెద్ద సైజులో.