దిష్టి గుమ్మడికాయ జ్యూసు

అల్లూరు దగ్గర మా ఊరికి డీటాక్స్ పిచ్చి వచ్చినప్పుడు అది ముందుగా పట్టుకున్నది నన్నే. పరగడుపున బూడిద గుమ్మడికాయ రసం తాగితే ఒంట్లో చెడంతా కొట్టుకుపోతుందని ఫోన్లో ఒకావిడ రోజూ చెప్పేది. మా చెల్లెలి పెళ్ళి ఫొటోల్లో నన్ను నేను చూసుకున్నాక ఆవిడ మాట నాకు వేదమైపోయింది.

మా అత్తకు మాత్రం ఆ గ్లాసు చూస్తేనే మంట. "లంఖణం పరమౌషధం అన్నారు గానీ, దిష్టికి కట్టేదాన్ని పిండుకొని తాగమని ఎవురన్నారమ్మే?" అనేది. వడియాలు పెట్టుకుంటాం కదత్తా అంటే వినదు. ఆవిడతో వాదించి గెలిచినవాళ్ళు మా ఇంట్లో లేరు.

ఒకరోజు పొద్దున్నే లేచేసరికి వంటింటి మూల పెద్ద కాయ ఉంది. ముందురోజు సాయంత్రం మా ఆయన తెచ్చాడు. అడగకుండానే నా కోసం తెచ్చాడే, నా మీద ఇంత ప్రేమా అని మురిసిపోయాను. తొక్క తీసి, ముక్కలు కోసి, మిక్సీలో వేసి, చెంబెడు రసం గటగటా తాగేశాను.

అత్త తలస్నానం చేసి పసుపు, కుంకుమ పట్టుకొని వచ్చింది. "ఇక్కడ కాయ ఉండాల, ఏమైంది?" గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటారట. నేను మూతి తుడుచుకున్నాను.

ఆ రోజు అమావాస్య. ఆ కాయ మా రొయ్యల గుంట షెడ్డుకు కట్టడానికి తెచ్చింది. తిట్టిపోస్తుందనుకున్నాను. ఆవిడ తిట్టలేదు, పీట మీద కూలబడింది.

"పోయిన పంటకు కాయ కుళ్ళి రాలిపోయినా మళ్ళీ కట్టలేదు. తెల్లమచ్చ రోగమొచ్చి గుంటలో రొయ్యలన్నిట్నీ ఊడ్చుకపోయింది. ఈసారి కూడా పోతే మనం లేవలేం."

"ఇంకో కాయ తెప్పిస్తానత్తా."

"మొక్కుకున్న కాయమ్మే అది. మార్చుకునేదానికి చీరా?" కాసేపు నా పొట్టకేసి చూసింది. "కాయ నీ కడుపులోనే ఉండాది గదా. పద, నువ్వే వచ్చి నిలబడు."

నిలబడ్డాను. షెడ్డు గుమ్మంలో నా నుదుటన ఇంత కుంకుమ పెట్టి హారతిచ్చింది. గుంటలో నీళ్ళు చిలికే ఏరియేటర్ల దగ్గర పనివాళ్ళు నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నారు. మా ఆయన గుంటవైపు తిరిగి నిలబడ్డాడు, భుజాలు మాత్రం ఊగుతున్నాయి. గట్టు మీద బండిలో పోతున్న పక్క గుంటాయన ఆగి మరీ అడిగాడు: "ఇంత పెద్ద కాయ ఏ సంతలో దొరికిందన్నా?" నాకు ఒళ్ళు మండిపోయింది. చదువుకున్నదాన్ని, ఇదేం ఖర్మ అని నోరు తెరవబోయాను.

అంతలో మా ఆయన రొయ్యలెలా ఉన్నాయో చూడ్డానికి నీళ్ళలోంచి మేత జల్లెడ పైకి లాగాడు. అత్త గబుక్కున నా చెయ్యి పట్టుకుంది. నా గాజులు ఒత్తుకుపోయేంత గట్టిగా. జల్లెడలో రొయ్యలు చటచటా ఎగిరాయి. ఒక్కదాని మీదా మచ్చ లేదు. ఆవిడ ఊపిరి వదిలింది కానీ నా చెయ్యి వదల్లేదు. నా కోపం ఎటు పోయిందో పోయింది. ఇంత భయాన్ని ఒక్కతే మోస్తోందా అని ఆవిడ చెయ్యి నేనూ గట్టిగా పట్టుకున్నాను.

ఇంటికి వస్తూ దారిలో మెల్లగా అంది: "రొయ్యలు పట్టిందాకా చిక్కబాక తల్లీ."

ఆ మధ్యాహ్నం నేనే అడిగి మారు అన్నం పెట్టించుకున్నాను.