కొత్త బట్ట తొడిగిన పాత మోటారు: బెజవాడ నుంచి బేగంపేటకు

పరాయి ఇలాకాలో మోటారు కొని మన నైజాం ఇలాకాకు తెచ్చుకోవాలనుకునేవాళ్లు ఈ మధ్య నా దుకాణానికి వచ్చి మరీ అడుగుతున్నారు. నేను దర్జీని, మోటార్ల వ్యాపారిని కాను. అమీర్‌పేటలో నా మిషను పక్కన ఎవరైనా వచ్చి నిలబడితే కొలతలివ్వడానికే అనుకుంటాను. తీరా చూస్తే "రాజయ్యన్నా, బెజవాడ బండికి సుంకమెంత పడ్తదే?" అంటారు. ఒక్కొక్కరికీ చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. అందుకని జరిగింది జరిగినట్టు రాసేస్తున్నాను. ఇందులో నా గొప్ప కొంచెం ఉంటుంది, నా తెలివితక్కువతనం అంతకంటే ఎక్కువ ఉంటుంది. రెండూ చదవండి.

బండి మా బావ మల్లేశానిది. మా అక్క నర్సవ్వ మొగుడు. ఎర్రమంజిల్ వైపు ఒక నవాబుగారి దేవిడీలో, అంటే మహల్లో, పద్దెనిమిదేళ్లు మోటారు నడిపాడు. ఆ నవాబుగారు కాపురం బొంబాయికి మార్చి బండి అమ్మేయడంతో బావ కొలువు పోయింది. చేతిలో స్టీరింగు లేకపోతే మా బావకు అన్నం కూడా సహించదు. సొంతానికి ఒక బండి కొని కిరాయికి తిప్పుకుంటానన్నాడు. అక్క మెడలోని బంగారు కంటె తీసి ఆయన చేతిలో పెట్టింది. నేను అక్కడే ఉన్నాను. ఆమె ముఖంలో చిన్న ముడత కూడా పడలేదు. ఇట్లాంటి మనిషి మా ఇంట్లో పుట్టిందే అని నాకు గర్వంగా అనిపించింది.

బెజవాడలో ఒక డాక్టరుగారు కొత్త బండి తీసుకుని పాతది అమ్ముతున్నారని కబురు తెలిసింది. సికింద్రాబాదులో సాయంత్రం రైలెక్కితే తెల్లవారాక బెజవాడ. మూడో తరగతి టిక్కెట్టు మనిషికి మూడు రూపాయల చిల్లర. ఖమ్మం మెట్టు దాటుతుండగా బావ గొంతు తగ్గించి అసలు సంగతి బయటపెట్టాడు.

"బామ్మర్దీ, మీ అక్కకు కొత్త బండే తెస్తున్న అని చెప్పిన. గా కంటె ఇచ్చేటప్పుడు నోట్లకెళ్లి గట్ల వచ్చేసింది. పాత బండి అని తెలిస్తే నా ముఖం ఏం చూపియ్యాలె?"

"ఇప్పుడు చెప్తే ఏమైతది బావా?"

"నువ్వు చెప్పొద్దు. నీ చేతిల సూది ఉన్నది. గది చాలు."

ఆయన మనసులో ఉన్నది నాకు అర్థమైంది. మాది సిరిసిల్ల నేత కుటుంబం. ఇంటికి కొత్తగా ఏది వచ్చినా, అది ఉయ్యాల కానివ్వండి, కుట్టుమిషను కానివ్వండి, ఇంటి మగ్గం మీద నేసిన బట్ట తొడిగి గానీ గడప దాటించం. మోటారుకు మాత్రం ఆ మర్యాద ఎందుకు తక్కువ చేయాలి? బావ తమ్ముడు నేసిన ముదురు ఎరుపు దుప్పటి బట్ట పదిహేను గజాలు అప్పటికే నా సంచిలో ఉంది.

డాక్టరుగారు ఆరువందల కల్దారు రూపాయలు, అంటే ఇంగ్లీషు రూపాయలు, తీసుకుని ధర వేసి సంతకం చేసిన కాగితం ఇచ్చారు. మన హాలీ సిక్కాలో అది ఏడువందలు. ఇంజను బంగారం. సీట్లు మాత్రం కుక్కలు పీకినట్టున్నాయి. రోడ్డు మీద నడిపి తేవచ్చు, కానీ దారిలో వాగులున్నాయి, బావకు ధైర్యం చాలలేదు. గూడ్సు వ్యాగనుకు నలభై రూపాయలు కట్టాం. వ్యాగను దొరకడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ డాక్టరుగారి షెడ్డులో నేను కూర్చుని కుట్టాను. నిజం చెబుతున్నాను, నా జన్మలో అంత చక్కటి పని చేయలేదు. గవ్వల్లాగా అంచులు తిప్పాను. వంకర సూదితో చేతికుట్టు వేసి తోలుకు బిగించేశాను, గోరు దూరే సందు లేదు. బావ ఈలోగా రేకుకు నల్లరంగు వేయించి, టైర్లు మార్పించి, ఇత్తడి తోమి అద్దంలా చేశాడు. అయిదో రోజు డాక్టరుగారు చూసి, "ఏంటయ్యా ఇది, అమ్మకుండా ఉండాల్సింది!" అన్నారు. మేము ఉబ్బిపోయాం.

బండి బేగంపేట గూడ్సు షెడ్డుకు చేరిన రోజు పొద్దున ఏడింటికే మేము హాజరు. అక్క కూడా హారతి పళ్లెం, కుంకుమ, కొబ్బరికాయ పట్టుకుని వచ్చి షెడ్డు బయట వేపచెట్టు కింద నిలబడింది. ఎనిమిదింటికి కరోడ్‌గిరి అమీను వచ్చాడు. కరోడ్‌గిరి అంటే బయటి ఇలాకాల సరుకు మీద సుంకం వసూలు చేసే శాఖ, అమీను దాని తనిఖీ అధికారి. సరుకు ధరలో వందకు అయిదు రూపాయలు. మా లెక్క ప్రకారం ముప్పై అయిదు. బావ దగ్గర యాభై ఉన్నాయి.

అమీను బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. సీటు మీద అరచేయి ఆనించి నొక్కాడు. డాక్టరుగారి కాగితం చదివి నవ్వాడు.

"అరే భాయ్, ఆరువందలకు గిసొంటి గాడీ ఏడ దొరుకుతది? జర నాకు సుత చెప్పు, నేను సుత కొంటా."

"పాతది సాహెబ్," అన్నాడు బావ, అక్కకు వినపడకుండా.

"జోరుగ చెప్పు, వినొస్తలేదు."

బావ వేపచెట్టు వైపు చూసి, రెండడుగులు వెనక్కి వేశాడు. అమీను నాలుగువేల హాలీ ధర కట్టి రెండువందలు సుంకం అన్నాడు. ఒప్పుకోకపోతే పంజాగుట్టలో ఉండే పెద్ద సాహెబును అడుక్కోండి, అంతవరకు బండి షెడ్డులోనే, రోజుకింత అద్దె పడుతుంది అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. కళ్లకు కనపడిన దానికే ధర కట్టాడు. కళ్లకు అట్లా కనపడేట్టు చేసింది నేను. రెండువందలంటే మా బావ ఇల్లు అమ్మినా రావు, ఎందుకంటే ఇల్లు కిరాయిది.

అక్కను అక్కడే ఉండమని చెప్పి ఇద్దరం నడక మొదలుపెట్టాం. స్టేషను నుంచి అమీర్‌పేట ఇరవై నిమిషాలు. దారికి రెండు పక్కలా జామతోటలు, జొన్నచేలు, మధ్యలో అక్కడొకటి ఇక్కడొకటి పెంకుటిళ్లు. నా దుకాణం ముందు ఆగి మంచినీళ్లు తాగాం. అక్కడి నుంచి పంజాగుట్ట ఇంకో అరగంట. కొత్తవాళ్లు ఆ దారిని తప్పకుండా పొద్దునపూటే నడవండి. గుట్ట ఎక్కుతుంటే ఏనుగులంతేసి బండరాళ్లు, వాటి సందుల్లో సీతాఫలం చెట్లు, ఎదురుగా ఎత్తున ఎర్రమంజిల్ భవనం ఎండలో మెరుస్తూ కనబడతాయి. అంత దిగులులోనూ నేను నిలబడి చూశాను. బావ మాత్రం తల ఎత్తలేదు.

"బామ్మర్దీ, గా కుట్లు విప్పితే పాతదని సాబితు అయితది గదా," అన్నాడు ఉన్నట్టుండి.

"అక్క ఆడనే ఉన్నది బావా."

"అందుకే అడుగుతున్న. విప్పకుంట ఏమన్న ఉపాయం ఉన్నదా?"

నా దగ్గర ఉపాయం లేదు. ఉన్నమాట చెప్పాలంటే, ఆయన పరువు కోసమే కాదు, నా కుట్టు మీద మమకారంతో కూడా నేను విప్పాలనుకోలేదు.

పెద్ద సాహెబు తెల్లగడ్డం మనిషి. ఆ రోజు ఆయన సెలవులో ఉన్నా మమ్మల్ని వెళ్లిపొమ్మనలేదు. వరండాలో కూర్చోబెట్టి చాయ ఇప్పించి, గొప్పింటివాళ్ల మాట వినేంత శ్రద్ధగా మా గోడు విన్నాడు. అటువంటి అధికారిని నేను మళ్లీ చూడలేదు.

"బట్ట కింద ఏమున్నది?" అన్నాడు.

"చినిగిన తోలు హుజూర్," అన్నాను.

"అయితే నాకు తోలు చూపియ్యి. చూడకుంట నేను కలం పట్ట. నీ మాట నిజమే అయ్యుంటది, కానీ నిజం అయితే చూపియ్యనీకి ఫికర్ ఎందుకు?"

ఆయనే టాంగా పిలిపించాడు. నాలుగణాలు కిరాయి కూడా మమ్మల్ని ఇవ్వనివ్వలేదు. పదకొండింటికి మళ్లీ షెడ్డులో ఉన్నాం.

అందరూ బండి చుట్టూ చేరారు: పెద్ద సాహెబు, అమీను, ఇద్దరు హమాలీలు. వేపచెట్టు కింద నుంచి అక్క కూడా వచ్చేసింది. నేను కత్తెర తీసి బావ వంక చూశాను. ఆయన అక్క వంక చూసి, తల దించుకుని, "కొయ్యి," అన్నాడు.

మొదటి కుట్టు తెగినప్పుడు నా వేలు తెగినట్టే అనిపించింది. ఒక్కో కుట్టూ కోసుకుంటూ పోయి ఎర్రబట్ట చర్రున లాగాను. కింద ఎండిపోయి పగుళ్లిచ్చిన తోలు, చిరుగుల్లోంచి కొబ్బరిపీచు, ఒక మూల తుప్పుపట్టిన స్ప్రింగు. అమీను "అరెరే!" అని రెండు చెవులూ పట్టుకున్నాడు. పెద్ద సాహెబు మాత్రం తోలును ఒక్కసారి చూసి వదిలేసి, నా చేతిలోని బట్టను తీసుకుని అంచు కుట్టు వేళ్లతో తడిమాడు.

"మస్తు పని. గిసొంటి పని చేసినోడి చేతనే కోయించిన. మాఫ్ చెయ్యి భాయ్," అన్నాడు. ఏడువందల ధర రాసి, ముప్పై అయిదు రూపాయలకు రసీదు ఇప్పించాడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోవడమెందుకు, తిరిగాయి.

ఇక మిగిలింది అక్క. బావ బండికి అటువైపు నిలబడి రేకు మీద లేని దుమ్ము తుడుస్తున్నాడు. అక్క సీటు దగ్గరికి వచ్చి స్ప్రింగును వేలితో నొక్కి చూసింది.

"ఎంత పెట్టి కొన్నవ్?"

"ఏడువందలు," అన్నాడు బావ, నేల చూస్తూ. "అబద్ధం చెప్పిన నర్సవ్వా. కొత్తది కాదు."

"నా కంటె అమ్మితే నాలుగువందలు వచ్చినయి. నువ్వు కూడబెట్టినయి కలిపినా గంతల కొత్త మోటరు ఎవడిస్తడయ్యా? నా మెడల ఉన్న దాని ధర నాకు తెల్వదా? నువ్వు కొత్తది అన్ననాడే పాతది తెస్తవని నాకు తెలుసు."

"మరి అప్పుడే అనకపోతివి?"

"నువ్వు గంత సంబురంగ చెప్తుంటే ఎట్ల అనాలె?" అని అక్క కొబ్బరికాయ నా చేతికిచ్చింది. చిరిగిన సీటు మీదే, ముందు వైపు, కాళ్లు సర్దుకుని కూర్చుంది. బావ ఇంజను తిప్పాడు. ఒక్క తిప్పుకే అందుకుంది. అమీనే దగ్గరుండి నా చేత టెంకాయ కొట్టించాడు.

ఇప్పుడు ఆ బండి అమీర్‌పేట, పంజాగుట్ట, యూసుఫ్‌గూడల మధ్య కిరాయికి తిరుగుతోంది. సీట్లకు మళ్లీ బట్ట వేశాను, ఈసారి విప్పుకోవడానికి నాడాలు పెట్టి. ఆ రోజును తలుచుకుంటే నాకు సుంకం సంగతి కంటే మనుషులే ముందు గుర్తుకొస్తారు. మేము నాలుగు రోజులు కష్టపడి ఒక అబద్ధాన్ని అందంగా కుట్టాం. అది మోసం చేసింది కరోడ్‌గిరి అమీను ఒక్కణ్నే. దాన్ని ఎవరి కోసం కుట్టామో ఆవిడ ఒక్క క్షణం కూడా మోసపోలేదు, పైగా మొగుడి సంతోషం చెడకూడదని నోరు మూసుకుని హారతి పళ్లెం పట్టుకుని వేపచెట్టు కింద నాలుగు గంటలు నిలబడింది. అంత పెద్ద మనసు ముందు మా తెలివి ఏపాటిది?

వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. బండి అమ్మినాయన చేత అసలు ధర వేయించి సంతకం పెట్టించిన కాగితాలు రెండు తీసుకోండి. ఒకటి కరోడ్‌గిరికి చూపించండి, రెండోది అంతకంటే ముందే మీ ఇంటావిడ చేతిలో పెట్టండి.