పుస్తకంలో లేని బర్రె

మొన్న అల్ ఐన్ రోడ్డు మీద నా కారు ముందు ఒక పికప్ వెళ్తోంది. వెనక నిండా అప్పుడే కోసిన పచ్చగడ్డి. ఒంటెలకో, మేకలకో తీసుకుపోతున్నట్టున్నారు. ఏసీ ఆపి అద్దం దించాను. వేడిగాలితో పాటు ఆ వాసన లోపలికి వచ్చింది. తడిగా, కాస్త తీయగా, కొడవలికి అంటుకున్న పసరు వాసన. దానికి నాకు మా ఊరు గుర్తుకు రావాలి. వచ్చింది మాత్రం షార్జాలోని ఒక ఫ్లాటు, స్టీలు పళ్లెంలో దొర్లే పాచికల చప్పుడు, మస్తాన్ సార్ గొంతు. "పుస్తకం తర్వాత చూద్దాం లేబ్బా. ముందు ఇది చెప్పండి. దీంతో బతికినోళ్లు ఎవరుండారు?"

మస్తాన్ సార్‌ది నెల్లూరు. షార్జా శివారు సజ్జాలో మేము పనిచేసిన వర్క్‌షాపుకు ఆయన ముదీర్, అంటే మా అందరి మీద మేనేజరు. నేను ఆయన కింద స్టోర్స్ చూసేవాణ్ని. మాది కరీంనగర్ వైపు దొరల కుటుంబం. మా తాత కాలానికే భూములు పోయాయి, మా నాన్న కాలానికి కోటలాంటి గడి కూలింది. నా వంతుకు మిగిలింది ఇంటిపేరు, నిటారుగా నడిచే అలవాటు. నేను సులభంగా చనువిచ్చే మనిషిని కాను. క్యాంటీనులో నా బల్ల దగ్గర ఎవరూ కూర్చునేవారు కాదు, నేనూ పిలిచేవాణ్ని కాదు. కంపెనీ డ్రైవరు రాజలింగం నాకు 'దొర' అని పేరు పెట్టాడు. అది గౌరవంతో పెట్టింది కాదని తెలిసినా, పిలిస్తే పలికేవాణ్ని.

కరోనా వచ్చి అందరం తలుపులు వేసుకున్న రోజుల్లో మస్తాన్ సార్ కూతురు షాహీన్ తండ్రికి ఒక ఆట నేర్పింది. అందులో బోర్డు ఉండదు, పావులు ఉండవు. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్లు తలా ఒక పాత్ర అయి, కథలో ఏం చేస్తారో నోటితో చెబుతారు. చెప్పింది కుదిరిందో లేదో పాచిక తేలుస్తుంది. "ఫ్యాక్టరీ నడిపేటోణ్ణి, కథ నడపలేనా తల్లీ?" అని సార్ ఆ పని కూతురి చేతిలోంచి లాక్కున్నారట. ఆంక్షలు సడలిన తర్వాత అదే బిల్డింగులో ఉండే నన్నూ, రాజలింగాన్నీ పిలిచారు. ముదీర్ పిలిస్తే కాదనలేక వెళ్లాను. నా పాత్ర ఏమిటని అడిగితే, రాజ్యం పోయిన యువరాజు అన్నాను.

"ఈడ గూడ దొరేనా సార్?" అన్నాడు రాజలింగం. "జర ఒక్కపారి కూలోనిగ ఆడుండ్రి. మీకూ ఎరుకైతది."

షాహీన్ నోరు మూసుకుని నవ్వింది. ఆమె పాత్ర పేరు నూరీ, అడవుల్లో దారి చూపే పిల్ల. రాజలింగం కమ్మరివాడు. పాలు లేని సులేమానీ చాయ్ వచ్చింది. శుక్రవారం నమాజు తర్వాత కూర్చుంటే చాలాసేపు సాగేది.

ఆయన బల్ల దగ్గర ఒక పద్ధతి ఉండేది. దయ్యాలు, రెక్కల పాములు, మూడు తలల రాక్షసులు నియమాల పుస్తకంలో ఎలా ఉంటే అలాగే వచ్చేవి. మామూలు జంతువు వస్తే మాత్రం కథ ఆపేసేవారు. దానితో కలిసి బతికినవాళ్లు చెప్పాలి, వాళ్లు చెప్పినదే దాని బలం. ఎవరూ లేకపోతే ఆ జంతువు కథలోంచి వెళ్లిపోవాలి. మొదటిరోజే నన్ను అడిగారు, "రావు గారూ, మీకు ఏ జంతువు తెలుసు?" అని.

"మా తాతగారికి గుర్రాలుండేవి."

"తాతవి వద్దు స్వామీ. మీవి చెప్పండి."

"నాకేమీ లేవు," అన్నాను. అక్కడితో ఆ మాట ఆపేశాను.

ఒకసారి కథలో ఖాళీ ఇంట్లోకి వెళ్లాం. అక్కడ ఒక పిల్లి ఉంది. షాహీన్ షార్జాలో పుట్టి పెరిగిన పిల్ల. బిల్డింగు కింద ఏసీ నీళ్ల చుక్కలు తాగి బతికే పిల్లులన్నీ ఆమెకు స్నేహితులే. "చలికాలంలో అవి ఇప్పుడే వచ్చి ఆగిన కారు కిందే పడుకుంటాయి అబ్బా. ఇంజన్ వేడి వాటికి తెలిసిపోతుంది," అని తండ్రితో అంది. సార్ "అట్లయితే ఈ పిల్లి పొయ్యి పక్కన ముడుచుకోని పడుకోని ఉండాది," అన్నారు. పొయ్యి ఇంకా వేడిగా ఉందన్నమాట. ఇంట్లోవాళ్లు ఇప్పుడే వెళ్లారన్నమాట. వాళ్లు తిరిగొచ్చేలోపే బయటపడ్డాం. ఆ పిల్లి వల్ల మేము బతికాం.

నాకు ఇది నచ్చలేదు. నియమం అంటే అందరికీ ఒకటే ఉండాలని నా పెంపకం. దుబాయ్‌లో ఒక దుకాణం నుంచి ఆ ఆటకే రాసిన జంతువుల పుస్తకం తెప్పించాను. దళసరి అట్ట, రంగుల బొమ్మలు, ప్రతి జంతువుకూ వేగం, బలం, దెబ్బ ఎంతో అంకెల్లో. అది బల్ల మీద పెట్టి, "సార్, ఈరోజు షాహీన్ పిల్లికి ఒక తెలివి, రేపు ఇంకొకరి పిల్లికి ఇంకొకటి అయితే ఆట ఎలా అవుతుంది? పైగా మనలో ఎవరూ ఎలుగుబంటిని పెంచలేదు. అయితే మన అడవిలో ఎలుగుబంటే ఉండదా?" అన్నాను.

ఆయన పుస్తకం పేజీలు మెల్లగా తిప్పారు. బొమ్మలను మెచ్చుకున్నారు. "ఎలుగుబంటి మాట నిజమే. దానికి ఈ పుస్తకం కావాల. ఎవరూ చూడనివాటికి ఎవరో ఒకరు రాసిపెట్టాల. మన ఇంటి ముంగట తిరిగేదానికి ఎందుకబ్బా?" అన్నారు. పుస్తకాన్ని నా చేతికిచ్చి, "దగ్గరే పెట్టుకోండి. అక్కర పడతాది," అన్నారు. ఓడిపోయానో గెలిచానో తెలియకుండా ఇంటికి వెళ్లాను. అప్పటినుంచి ప్రతి శుక్రవారం పుస్తకం నా సంచిలో ఉండేది.

షాహీన్ చదువుకోసం హైదరాబాద్ వెళ్లే ముందు వారం చివరి ఆట ఆడాం. రోగం పడ్డ ఊరికి నూరీ మందు మోసుకుపోతోంది. వెనక శత్రువులు, ముందు పొంగుతున్న వాగు, వంతెన తెగిపోయింది. నూరీకి ఈత రాదని షాహీన్ మొదటిరోజే రాసుకుంది. పాచికలు కలిసిరాలేదు. నా యువరాజు, రాజలింగం కమ్మరి ఇద్దరూ వెనకే చిక్కుకున్నాం. ఇంకొక శుక్రవారం లేదు. నూరీ ఇక్కడ ఆగితే ఆ పిల్ల అన్నాళ్లుగా ఆడిన కథ ఇవతలి ఒడ్డునే ముగిసిపోతుంది. ఆమె కాగితం అంచు మడుస్తూ తల వంచుకుని కూర్చుంది.

మస్తాన్ సార్ అన్నారు: "బర్రెల మంద ఒకటి నీళ్లలోకి దిగతా ఉంది. అవతలి ఒడ్డుకి. బర్రెతో బతికినోళ్లు ఎవరుండారు?"

"మా ఇంట్ల బీడీలు సుట్టుడే సార్. పాలు పాకిట్ల సూసుడే," అన్నాడు రాజలింగం. సార్ తనకూ తెలియదన్నట్టు చేతులు చూపారు.

నేను సంచిలోంచి పుస్తకం తీశాను. బర్రె పేజీ ఉంది. చదివాను. కొమ్ములతో ఎంత దెబ్బ, పరుగెత్తి వచ్చి గుద్దితే ఎంత, గుంపుగా తొక్కితే ఎంత.

"మనిషిని వాగు ఎట్లా దాటిస్తాదో ఉందా?" అన్నారు సార్.

లేదు. ఆ పేజీ అంతా దానితో ఎలా పోట్లాడాలో చెప్పింది. సార్ నా వైపు చూడలేదు. చాయ్ గ్లాసు చేతిలో తిప్పుతూ, తొందర లేనట్టు కూర్చున్నారు. షాహీన్ కాగితం ఇంకొక మడత పెట్టింది.

"తోక పట్టుకోవాలి," అన్నాను.

అందరూ తలెత్తారు.

"కొమ్ములు పట్టుకోకూడదు, ముక్కు నీళ్లలోకి పోతుంది. మెడ మీద పడకూడదు. తోక మొదట్లో పట్టుకుని ఒళ్లు వదిలెయ్యాలి. భయపడి లాగితే వెనక్కి తిరుగుతుంది. లాగకపోతే వాగు ఎంత పొంగినా ఏటవాలుగా ఈదుకుంటూ, గడ్డి ఉన్న ఒడ్డుకే తీసుకుపోతుంది. మధ్యలో పేరు పెట్టి పిలుస్తూ ఉండాలి. చెవి వెనక్కి తిప్పితే విన్నట్టు."

"గిదంత మీ పాలేరు చెప్పిండా దొరా?" అన్నాడు రాజలింగం.

"పాలేరు లేడు. గడి కూలిన తర్వాత మాకు మిగిలింది ఒక్క బర్రె. దాని పాలు అమ్మి మా అమ్మ నన్ను చదివించింది. గడ్డి కోసేది నేను, కడిగేది నేను. వానాకాలం ఒకసారి గడ్డి మోపుతో వాగు అవతల చిక్కుకుపోతే, అదే నన్ను ఇంటికి తెచ్చింది. దాని వెనక నడుస్తుంటే ఊరివాళ్లు 'దొరసాని వస్తోంది, జరగండి' అనేవాళ్లు. చివరికి అదే దాని పేరైంది."

ఇక్కడికి వచ్చాక ఆ మాట ఎవరితోనూ అనలేదు. వెన్ను నిటారుగా పెట్టి నవ్వు కోసం ఎదురుచూశాను. రాజలింగం నవ్వలేదు. తన గ్లాసులో చాయ్ అలాగే ఉంచి, బిస్కట్ల ప్లేటు నా ముందుకు జరిపాడు.

"దొరసాని," అన్నారు మస్తాన్ సార్, రుచి చూస్తున్నట్టు. "పేరు బాగుండాది. రాసుకో తల్లీ."

షాహీన్ మడతలు విప్పి పేరు రాసుకుంది. "నూరీ తోక పట్టుకుంది. లాగట్లేదు. దొరసానీ, దొరసానీ అని పిలుస్తోంది," అంటూ పాచిక అందుకుంది. సార్ దాని మీద అరచెయ్యి పెట్టారు.

"దీనికి పాచిక ఎందుకు? రావు గారు దాటొచ్చినారు గదా."

నూరీ అవతలి ఒడ్డుకు చేరింది.

తర్వాత ఆయన ఉద్యోగం ముగించుకుని నెల్లూరు వెళ్లిపోయారు. పోయిన ఏడాది అక్కడే కన్నుమూశారు. షాహీన్ ఫోన్ చేసి చెప్పింది. ఆయన నాతో ఆ శుక్రవారం గురించి ఎన్నడూ మాట్లాడలేదు. మరుసటి రోజు క్యాంటీనులో మాత్రం తన ప్లేటు తెచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. వెనకే రాజలింగం వచ్చాడు. ఆ బల్ల దగ్గర మళ్లీ కుర్చీ ఖాళీగా ఉండలేదు.

ఇప్పుడు శుక్రవారాలు ఆట నా ఫ్లాటులో, కథ నడిపేది నేను. జంతువుల పుస్తకం పక్కనే ఉంటుంది. ఎలుగుబంటి వచ్చినప్పుడు తెరుస్తాను, కృతజ్ఞతతోనే తెరుస్తాను. ఇటీవల చేరిన ఒక ఇంజనీరు, రాజలింగం ఏం చెప్పాడో గానీ, ఎంతో మర్యాదగా అడిగాడు: "సార్, మీ గడిలో గుర్రాలు ఉండేవట కదా. గుర్రం వస్తే మీరే చెప్పాలి."

"గుర్రాలు మా తాతగారివి. వాటి సంగతి నాకు తెలియదు," అన్నాను. "నాది బర్రె."