గ్లాసులో గాలి

మా మేనమామ ఒక ఏడాదిపాటు అంటార్కిటికాలో మన శాస్త్రజ్ఞులకు వంట చేసి వచ్చాడు. అప్పటినుంచి ఆరణి బస్టాండులో నన్నారి షర్బత్ కొన్నప్పుడల్లా, తాగేముందు ఐసు గ్లాసును చెవి దగ్గర పెట్టుకునేవాడు.

"ఆడ మంచు కరిగేటప్పుడు చిటపటమంటాది పాపా. మనిషి పుట్టకముందటి గాలి దాంట్లో చిక్కుకోని ఉండాది. దాన్ని చూసే ఇప్పటి గాలి ఎంత చెడిందో చెప్తారు."

"ఇది ఫ్యాక్టరీ ఐసు కదా మామా?"

"దీంట్లో మన ఆరణి గాలి ఉండాదిలే," అని నవ్వుతూ గ్లాసు నా చెవికి ఆనించేవాడు.

మామ ఇప్పుడు లేడు. అదే బస్టాండులో గ్లాసు చెవికి పెట్టుకుంటాను. ఐసు చిటపటమంటుంది, మామ నవ్వు వినిపించదు. ఆయన ఊపిరి కలిసిన గాలి అంటార్కిటికా మంచులో మెల్లగా చిక్కుకుంటూ ఉంటుంది.

ఆ మంచు కరక్కుండా ఉంటే చాలు.